అరటి దొప్ప పడవ ఒరగకుండా సాగాలంటే

కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడిశాలో ఏ నది ఒడ్డుకు వెళ్లినా, ఏ చెరువు గట్టుకు వెళ్లినా ఇంటిల్లిపాదీ చిన్న చిన్న పడవలు పట్టుకుని నీళ్లలోకి దిగుతుంటారు. అరటి దొప్పతో, జీలుగ బెండుతో, రంగు కాగితంతో చేసిన పడవలు. లోపల ఒక దీపం, తమలపాకు, పోకచెక్క, ఒక నాణెం, నాలుగు పూలు. దీన్ని బొయిత బందాణ అంటారు. బొయిత అంటే సముద్రం మీద తిరిగే పెద్ద ఓడ, బందాణ అంటే హారతిచ్చి మొక్కడం. 2026లో ఇది నవంబరు 24న వస్తోంది.

చూడముచ్చటైన పడవలు చాలా కనిపిస్తాయి గానీ సాగే పడవలు తక్కువ. పది అడుగులైనా పోకముందే ఒరిగిపోతాయి, లేదా తెరచాప అంటుకుంటుంది. ఓడల పండగ రోజున పడవ మునగడం ఏం బాగుంటుంది? అందుకే ఈసారి చేసే పద్ధతి గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందుగా ఈ పండగ రోజు సంగతి. సాధబలు అనే సముద్ర వర్తకులు ఈ సమయంలోనే సింహళానికి, సుమత్రా, జావా, బాలి దీవులకు బయల్దేరేవారని ఒడియా వాళ్ల నమ్మకం. కాలం ఊరికే ఎంచుకున్నది కాదు. నైరుతి గాలి తగ్గి ఈశాన్యం గాలి నిలదొక్కుకునేది ఇప్పుడే. ఆ గాలికి తెరచాప ఎత్తితే తీరం వెంబడి దక్షిణానికి తోసుకుపోతుంది. తాపొయి అనే వర్తకుల పిల్ల కథ కూడా ఈ లెక్కకు సరిపోతుంది. ఏడుగురు అన్నలు ఓడలెక్కి పోతే వదినలు ఆ పిల్లను రాచిరంపాన పెడతారు. ఆమె నోచే నోము వచ్చేది భాద్రపదంలో, అంటే అన్నల ఓడలు ఇల్లు చేరే రోజుల్లో.

ఒక్క చిక్కుంది. బంగాళాఖాతంలో తుపాన్లకు ఇదే అదను. 1839లో కోరంగిని ముంచింది నవంబరు ఉప్పెనే, 1977లో దివిసీమను ఊడ్చేసిందీ నవంబరు 19నే. కాబట్టి సరిగ్గా పౌర్ణమి నాడే లంగరెత్తేవారని నమ్మనక్కర్లేదు. పూజ పౌర్ణమికి, ప్రయాణం ఆకాశం చూసుకుని అనుకోవడం సబబు.

ఇక పడవ. గెల కోసేసిన అరటి బోదె తీసుకోండి. గెల వేయని చెట్టును దీని కోసం నరకడం దండగ. పైన ఎండి గోధుమరంగుకు తిరిగిన పొరలు ఒకటో రెండో ఒలిచి పారేయండి, అవి పెళుసుగా విరుగుతాయి. ఆ లోపలి మూడు నాలుగు పొరలే పనికొచ్చేవి. ఇంకా లోపలికి పోతే దొప్ప సన్నబడిపోతుంది. అక్కణ్ణుంచి దూట తీసి కూర వండుకోవచ్చు. అరటి పాలు బట్టకు అంటితే మరక పోదు, పాత చొక్కా వేసుకుని కూర్చోండి.

దొప్పను అడ్డంగా కోసి చూడండి, సన్నటి గదులు గదులుగా ఉంటుంది. ఆ గదుల్లో ఉన్న గాలే దాన్ని తేలుస్తుంది. అందుకే ఎక్కడబడితే అక్కడ పుల్లలు గుచ్చకూడదు. గుచ్చిన ప్రతిచోటా నీళ్లు దిగి పడవ ఆ పక్కకు వాలుతుంది.

పొడవు మూరెడు చాలు. దొప్ప బోదె మొదలు వైపుదైతే అరచేతి కంటే కాస్త వెడల్పు వస్తుంది. కోసిన వెంటనే మడవబోతే ఫట్టుమని పగులుతుంది. నీడన రెండు మూడు గంటలు వాడనివ్వండి. తర్వాత రెండు కొసల్లోనూ మూడంగుళాల లోతున, పొడుగు వైపే, రెండేసి గాట్లు పెట్టండి. కొస మూడు పాయలవుతుంది. నడిమి పాయను పైకి లేపి, పక్క పాయలు రెండూ దాని మీదికి తెచ్చి, కొబ్బరి ఈనె పుల్లతో గుచ్చండి. పుల్ల నీటి మట్టానికి పైన ఉండాలి. గుండుసూదులు వాడకండి. నీళ్లలో దిగేవాళ్ల పాదాలకు అవే గుచ్చుకుంటాయి.

ఒరిగిపోవడానికి అసలు కారణం తెరచాప. పడవే తేలిక, దాని మీద జానెడు పుల్ల నిలబెట్టి రంగు కాగితం కడతాం. కాస్త గాలి విసిరితే చాలు. తెరచాప కట్టే ఆ కొయ్య ఎత్తు పడవ పొడవులో సగం దాటకూడదు, మూడో వంతైతే మరీ మంచిది. కొయ్యను దొప్పలో నేరుగా గుచ్చకుండా, ఒక అంగుళం మందం బెండు ముక్కలో గుచ్చి ఆ ముక్కను దొప్ప అడుగున ఈనెలతో బిగించండి. మన శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంటుంది. అది చూసి రెండు కొయ్యలు పెట్టాలనిపిస్తుంది గానీ దొప్ప పడవకు ఒకటి చాలు.

ఓడకైతే అడుగున బరువు వేస్తారు, లేకపోతే ఖాళీ ఓడ గాలికి తలకిందులవుతుంది. ఇక్కడ ఆ పని చేసేవి పోకచెక్కా నాణెమే. పూజకని వేసే ఆ రెంటినీ ఎక్కడో ఓ మూల పడేయకుండా, దొప్ప అడుగున, సరిగ్గా మధ్య గీత మీద ఉంచి పిడికెడు బియ్యంతో కదలకుండా చేయండి. ఒక్క నాణెం పక్కకు జరిగినా పడవ కుంటుతుంది. తమలపాకు వాటి మీద కప్పితే సరుకు కప్పినట్టే ఉంటుంది.

దీపం ఎక్కడ పెట్టాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. తెరచాప వెనక పెడితే గాలికి మంట ముందుకు వాలి కాగితం అంటుకుంటుంది. తెరచాపకు ముందు, బెత్తెడు దూరంలో పెట్టండి. అప్పుడు మంట కాగితానికి ఎడంగా వాలుతుంది, తెరచాపే దీపానికి గాలి చాటవుతుంది కూడా. ముందు బరువు పెరుగుతుంది గనక నాణేన్ని కొయ్య వెనక్కి జరిపి సరిచూసుకోండి. ఇంట్లోనే బకెట్లోనో తొట్టిలోనో ఒకసారి తేల్చి చూసుకుంటే ఘాట్ దగ్గర అవస్థ ఉండదు.

మట్టి ప్రమిద వద్దు. బరువు, పైగా నూనె ఒలికితే నీళ్ల మీద జిడ్డు. ముందు రాత్రే నేతిలో నానేసిన పువ్వొత్తి సరిపోతుంది. చలికి నెయ్యి పేరుకుని ఒత్తి దొప్పకు అతుక్కుంటుంది, ప్రత్యేకంగా నిలబెట్టే పనుండదు. దొప్ప తడిగానే ఉంటుంది కాబట్టి కాలదు. 365 ఒత్తుల కట్టను మాత్రం కాగితం పడవలో పెట్టకండి, దాని మంట తెరచాపను మిగల్చదు. అది గుడి దగ్గరే వెలిగించుకోవాలి.

పిల్లలున్న ఇళ్లలో ఇంకా తేలిక మార్గం తెప్ప. రెండడుగుల సన్న బోదె ముక్కలు మూడు పక్కపక్కన పెట్టి, రెండు వెదురు పుల్లలు అడ్డంగా దూర్చేస్తే అయిపోయింది. నీళ్లలో లోతుగా కూర్చుంటుంది, చూడ్డానికి మొద్దులా ఉంటుంది, కానీ బోల్తా కొట్టదు. పూరీ సముద్రంలో తరతరాలుగా వేటాడిన తెప్పలదీ ఇదే సూత్రం. తేలిక కర్ర దుంగలను తాళ్లతో కట్టేవారు, ఒడ్డుకు రాగానే విప్పి ఆరబెట్టేవారు. మరోటి మాసులా పడవ. పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేస్తారు, మేకులుండవు. అల కొట్టినప్పుడు పలకలు సాగి సర్దుకుంటాయి, మేకులు కొట్టిన పడవైతే అదే దెబ్బకు చీలుతుంది. ఇప్పుడు ఎటు చూసినా ఫైబర్ పడవలే. ఆ పూరీలో వేటకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే వాడబలిజలు. వాళ్లను అక్కడ నోలియాలంటారు. వాళ్లుండే పెంటకోట పేరు వింటే మన పాయకరావుపేట దగ్గరి పెంటకోట గుర్తురాక మానదు.

వేళ కూడా పడవలో భాగమే. తెల్లవారకముందు తీరంలో గాలి నేల మీంచి నీటి వైపు మెల్లగా వీస్తుంది. పొద్దెక్కాక సముద్రం గాలి మళ్లి పడవలను ఒడ్డుకే కొడుతుంది. సముద్రంలో నేరుగా వదిలితే మొదటి అలకే పోతుంది, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర వదలండి. అక్కడ ఆటు పోట్లు చూసుకోవాలి. పౌర్ణమికి పోటు ఎక్కువ, ఆటు లాగుడూ ఎక్కువే. ఆటు మొదలయ్యాక వదిలితే పడవ దానంతటదే పోతుంది. అదే లాగుడు పిల్లలను కూడా లాగుతుంది, మోకాలి లోతు దాటనివ్వకండి. విసరొద్దు. రెండు చేతులతో నీటి మీద ఉంచి, వెనక నీళ్లను అరచేత్తో నెట్టండి. గాలి ఒక వైపు, ప్రవాహం ఇంకో వైపు ఉంటే తెరచాప పీకేయండి, లేకపోతే గిరగిరా తిరుగుతుంది.

కటక్‌లో ఇదే రోజు బాలి జాత్రా మొదలవుతుంది. బరాబటి కోట పక్కన మహానది ఇసుకలో వారం పైగా సాగే సంత. బలి అనుకుని మనవాళ్లు ఉలిక్కిపడతారు గానీ బాలి దీవి పేరని కొందరు, ఒడియాలో బాలి అంటే ఇసుక కాబట్టి ఇసుక జాతర అని కొందరు అంటారు. వెళితే దహీబరా ఆలూదమ్ తినండి. అదే ఊళ్లో జోబ్రా దగ్గర పాత కాలువల వర్క్‌షాపులో సముద్రయాన మ్యూజియం ఉంది. జనం తగ్గే పగటిపూట చూడొచ్చు.

మనకు దొప్ప దీపాలు పదిహేను రోజులు ఆలస్యంగా, పోలి పాడ్యమి నాడు. పోలి కథలోనూ అత్త చేతిలో నలిగిన కోడలు పిల్లే ఉంది. కవ్వానికంటిన వెన్నతో దీపం పెట్టి, బుట్ట కింద దాచుకుంటుంది. తాపొయికి ఓడ వస్తే పోలికి విమానం వచ్చింది. మన దొప్పకు మడతలు, తెరచాపలు ఉండవు. జానెడు ముక్క మీద ముప్పై ఒత్తులు బారుగా అంటించి వదలడమే. ఒత్తులన్నీ ఒక కొసకే అంటిస్తే ఆ కొస మునిగి వరసగా ఆరిపోతాయి. మధ్య నుంచి రెండు వైపులకూ సమంగా అంటించుకుంటూ రావాలి. పౌర్ణమికి తెచ్చిన బోదె అప్పటిదాకా ఆగదు, మెత్తబడి నీరు కారుతుంది. మళ్లీ కొత్తది తెచ్చుకోవాల్సిందే.

థర్మాకోల్ పడవలు మాత్రం కొనకండి. దొప్ప వారం పది రోజుల్లో కుళ్లడం మొదలవుతుంది, థర్మాకోల్ మొగలో గుండలు గుండలుగా విరిగి చేపల నోట్లోకి పోతుంది. మర్నాడు పొద్దున దిగువన తుంగ పొదల దగ్గర చూస్తే పడవలు గుంపుగా చిక్కుకుని ఉంటాయి. ఈనెలు, కాగితాలు తీసేసి దొప్పలను పశువులకు వేయొచ్చు.