పౌర్ణమి చూసి కట్టిన ఫీజు: డెత్ వ్యాలీ ఫోటో వర్క్‌షాప్‌లో నా అనుభవం

డబ్బు కట్టే ముందు నేను చూసింది పంచాంగం. మా వంటింట్లో గుడి వాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ వేలాడుతుంటుంది. ఫిబ్రవరి కాగితం తిప్పి, ఒక ఫోటోగ్రాఫర్ కాలిఫోర్నియా ఎడారిలోని డెత్ వ్యాలీలో పెట్టే ఫోటో వర్క్‌షాప్‌కి ఇచ్చిన తేదీల్లో మాఘ పౌర్ణమి పడిందో లేదో చూశాను. పడింది. "ముహూర్తం చూసుకుని వెళ్తున్నారా ఫోటోలకి?" అంది మా ఆవిడ. ఒకరకంగా అంతే.

డెత్ వ్యాలీకి పడమటి వైపు పానమింట్ కొండలు గోడలా నిలబడి ఉంటాయి. పౌర్ణమి వెళ్ళిన తెల్లవారుజామున, తూర్పున సూర్యుడు లేచే వేళకి చంద్రుడు ఆ కొండల మీదకి దిగుతుంటాడు. శిఖరాలకి తొలి ఎండ తగలడం, వాటి మీద చంద్రుడు ఇంకా కనబడుతుండడం, ఈ రెండూ కలిసి దొరికే నిమిషాలు చాలా తక్కువ. నక్షత్రాల ఫోటోలు నేర్పే వర్క్‌షాప్ అయితే అమావాస్యకి దగ్గరగా పెట్టాలి. తేదీలు రెంటికీ దూరంగా ఉండి, లాంగ్ వీకెండ్ మీద మాత్రం సరిగ్గా పడ్డాయంటే, వెలుతురు గురించి ఎవరూ ఆలోచించలేదనే నా అనుమానం.

నేనుండేది శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో. డెత్ వ్యాలీ నాకు కొత్త కాదు. పిల్లలతో, పులిహోర డబ్బాలతో, వేగాస్ వెళ్ళే దారిలో చూసిందే. మధ్యాహ్నం ఎండలో అన్ని చోట్లా కారాపి, దిగి, తీసి, ఎక్కేశాం. అలా వచ్చిన ఫోటోలు బంధువులకి పంపడానికి బాగానే ఉంటాయి. ఎవరో తీసిన ఫోటోలో అదే చోటు ఇంకేదో లోకంలా ఎందుకుంటుందన్నది మాత్రం యూట్యూబ్ ఎంత చూసినా అంతుపట్టలేదు. ఫీజు మా ఇంటి నెల అద్దెకి దగ్గరగా ఉంది కాబట్టి తొందరపడకుండా ఇద్దరు ముగ్గురు నిర్వాహకులకి ఒకే రకం ప్రశ్నలు మెయిల్ చేశాను.

మొదటి ప్రశ్న పర్మిట్ గురించి. అమెరికా నేషనల్ పార్కుల్లో డబ్బు తీసుకుని వర్క్‌షాప్ నడపాలంటే ఆ పార్కు ఇచ్చే కమర్షియల్ యూజ్ ఆథరైజేషన్ ఉండాలి. అది లేకపోతే రేంజర్ వచ్చి ఆపెయ్యొచ్చు, మన డబ్బు గాల్లో ఉంటుంది. ఒకాయన ఈ ప్రశ్న వదిలేసి మిగతా వాటికి చాలా తియ్యగా జవాబిచ్చాడు. ఆయన పేరు అక్కడే కొట్టేశాను. గుంపులో ఎంతమంది, సాయానికి ఇంకో మనిషి ఉంటారా, సరిపడా జనం చేరక వర్క్‌షాప్ రద్దయితే అడ్వాన్స్ వెనక్కిస్తారా, నేనే మానుకుంటే ఏమవుతుంది, ఇవన్నీ అడగాల్సినవే. ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరున అడిగింది ఒక ఎత్తు: "మేం తీస్తున్నప్పుడు మీరూ తీసుకుంటుంటారా?" నేను ఎంచుకున్నాయన దానికి రాసిన జవాబు నచ్చింది: "మీ అందరి ఫ్రేములూ ఒక చుట్టు చూసేదాకా నా ట్రైపాడ్ కారులోనే ఉంటుంది." అక్కడికెళ్ళాక చూస్తే మాట నిలబెట్టుకున్నాడు.

చిన్న అక్షరాలు కూడా చదవండి. రూమ్, తిండి, పార్కు ఎంట్రీ, కారు, ఏవీ ఫీజులో లేవు. అదే టూర్ అన్నవాటిలో బస, వాహనం కలిపి ఉంటాయి, నేర్పడం తక్కువ, తిప్పడం ఎక్కువ. నాకు తిప్పేవాళ్ళు అక్కర్లేదు. కారు ఖర్చు పంచుకోవడానికి శాక్రమెంటో నుంచి ఒక తెలుగు కుర్రాడు దొరికాడు. "అన్నా, డ్రోన్ తెచ్చుకోనా?" అని ఫోన్ చేశాడు. వద్దన్నాను. నేషనల్ పార్కుల్లో డ్రోన్ ఎగరేయడం నిషేధం, పట్టుకుంటే జరిమానాతో పోదు, డ్రోన్ కూడా పోవచ్చు. నేను బరువైన ట్రైపాడ్, ఒక వైడ్ లెన్స్, ఎర్ర లైటు వెలిగే హెడ్‌ల్యాంప్, గాలి కొట్టే బ్లోయర్ సర్దుకున్నాను. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 100-400 లెన్స్ అద్దెకి తీసుకున్నాను. వాడకపోతే డబ్బు దండగేమో అనుకున్నది, అక్కడ సగం ఫోటోలు దాంతోనే తీశాను. చలి బట్టలు మరిచిపోవద్దు. 1913లో 134 ఫారెన్‌హీట్ డిగ్రీలు నమోదైన చోటే అయినా, ఫిబ్రవరి తెల్లవారుజామున వేళ్ళు కొంకర్లు పోతాయి.

బస పార్కులోనే ఉన్న స్టోవ్‌పైప్ వెల్స్‌లో. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోమన్నారు, మంచి పనే అయింది.

మొదటి తెల్లవారుజాము జబ్రిస్కీ పాయింట్. సూర్యోదయం తీయడానికి వెళ్ళి సూర్యుడికి వీపు పెట్టి నిలబడాల్సిన చోటు అది. ముందు పసుపు రంగు మడతల కొండలు, ఎప్పుడో ఎండిపోయిన సరస్సు అడుగున పేరుకున్న బురద గట్టిపడి, వానకి కోసుకుపోయి అలా తయారయ్యాయి. వాటి మధ్య మాన్లీ బీకన్ అనే మొనదేలిన శిఖరం, ఆ వెనక లోయ, ఆ వెనక పానమింట్‌లు. సూర్యుడు రావడానికి ముందు పడమటి ఆకాశంలో అడుగున నీలం పట్టీ, దాని పైన గులాబీ పట్టీ లేస్తాయి. ఆ నీలం భూమి నీడేనట. ఇన్నేళ్ళుగా అది మబ్బు అనుకునేవాణ్ణి. సూర్యుడు పైకొచ్చే కొద్దీ ఆ నీడ దిగిపోతుంది, చంద్రుడు కొండల వైపు జారతాడు, పానమింట్‌లలో అన్నిటికంటే ఎత్తైన టెలిస్కోప్ పీక్ మంచుకి ఎరుపు తగులుతుంది. అప్పుడు మా ఫోటోగ్రాఫర్ నా వెనక నిలబడి, "హిస్టోగ్రామ్ చూడండి, చంద్రుడు తెల్లగా పేలిపోయాడు" అన్నాడు. హిస్టోగ్రామ్ అంటే ఫోటోలో వెలుగునీడల లెక్క చూపించే గ్రాఫ్. మామూలుగా కెమెరా చీకటి కొండల్ని చూసి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, చంద్రుడి ముఖం మీద మచ్చలు పోయి తెల్ల బిళ్ళ మిగులుతుంది. వెలుతురు తగ్గించి, నీడల్ని రా ఫైల్లోంచి, అంటే కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైల్లోంచి, తర్వాత లేపుకోమన్నాడు. ఎండ మాన్లీ బీకన్ దాకా దిగేసరికి టూరిస్టులు రావడం మొదలైంది. మేం సర్దేసుకున్నాం.

బ్యాడ్‌వాటర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వర్క్‌షాప్ ఖరీదు నాకు అక్కడే తిరిగొచ్చింది. సముద్రమట్టానికి 282 అడుగుల కింద ఉన్న ఉప్పు నేల అది. పార్కింగ్ పైన కొండ మీద సముద్రమట్టం ఇక్కడని బోర్డు కనిపిస్తుంది, తలెత్తి చూస్తే నవ్వొస్తుంది. అందరూ నడిచే దారిలో ఉప్పు అడుగులకి నలిగి రోడ్డులా ఉంటుంది. చాలా దూరం పోతేగానీ పగలని పలకలు దొరకవు. ఉప్పు అంచులు లేచి, తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అక్కడ ఫోన్‌లో సూర్యాస్తమయం టైమ్ చూసుకుని వెళ్తే పని కాదు. పదకొండు వేల అడుగుల కొండ పడమట అడ్డంగా ఉండడం వల్ల అసలు టైముకి చాలా ముందే నేల మీద ఎండ పోతుంది. జనం "అయిపోయింది" అనుకుని వెనక్కి మళ్ళుతారు. మమ్మల్ని మాత్రం ఆయన అప్పుడే మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. ట్రైపాడ్ నేలకి ఆనించి, ఒక్క పలక ఎంచుకోమన్నాడు. ఎంచుకోవడానికే అరగంట పట్టింది. అంచు గీతలు ఫ్రేమ్ మూలల్లోంచి బయటికి పోకుండా లోపలికి, కొండ వైపు దారి తీయాలి. లెన్స్ కన్ను చిన్నది చేసి (ఎఫ్ 11), ముందు ఉప్పు మీద ఫోకస్, తర్వాత మధ్యలో, తర్వాత కొండ మీద, మూడు ఫోటోలు తీసి ఇంటికెళ్ళాక కలపాలి. మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ తీసేయించాడు, అంత వైడ్ లెన్స్‌కి అది పెడితే ఆకాశం ఒక పక్క ముదురుగా, ఒక పక్క లేతగా వస్తుందని. ఎండ పోయాక ఆకాశపు రంగే ఉప్పు మీద పడుతుంది, తెల్లటి నేల మెల్లగా ఊదా రంగుకి తిరుగుతుంది. ఆ వెలుతురు కుదురుగా ఉండబట్టి ఒక ఫ్రేమ్‌ని పదిసార్లు సరిదిద్దుకోవడానికి వీలైంది. అంతకుముందు నాకు ఫోటో అంటే పరుగు.

మర్నాడు ఇసుక దిబ్బల దగ్గర తెల్లవారుజాము అనుకున్నాం. రాత్రే గాలి మొదలైంది. కొందరు చిరాకు పడ్డారు, ఒకావిడ డబ్బుల సంగతి కూడా ఎత్తింది. ఆయన మెస్కీట్ ఫ్లాట్ దిబ్బల్లోకి ఎవర్నీ నడవనివ్వలేదు, లెన్స్ మార్చే పని అసలే వద్దన్నాడు. రోడ్డు పక్కన కార్ల చాటున నిలబెట్టి, పొడుగు లెన్స్‌లు తీయించాడు. ఎదురెండలో ఇసుక పొగలా లేస్తుంటే దిబ్బలు ఒకదాని వెనక ఒకటి పొరలు పొరలుగా కనిపించాయి. గాలి వల్ల పాత అడుగుల గుర్తులన్నీ చెరిగిపోయాయి, మామూలు రోజుల్లో ఆ అడుగులతోనే పెద్ద తలనొప్పట. ఎక్కడికి వెళ్ళాలో మ్యాప్ చెప్తుంది. వెళ్ళకుండా ఆగి, ఉన్నచోట ఏముందో చూపించడానికే ఒక మనిషి కావాలి. మధ్యాహ్నం మబ్బు పడితే రేస్‌ట్రాక్‌కి పోదామని ఎవరో అన్నారు. రాళ్ళు వాటంతటవే జరిగినట్టు గీతలు పడే చోటు అది. పల్చటి మంచు పలకలు, చిన్న గాలి కలిసి వాటిని తోస్తాయని 2014లో తేల్చారు. దారి మరీ గతుకులు, టైర్లు కోసే రాళ్ళు. ఆయన ఒప్పుకోలేదు. ఆర్టిస్ట్స్ ప్యాలెట్‌కి తీసుకెళ్ళాడు, అక్కడి ఆకుపచ్చ, గులాబీ రాళ్ళకి ఎండ కంటే మబ్బే మేలు.

సాయంత్రం ఫోటోల మీద చర్చ. ప్రొజెక్టర్ మీద ఒక్కొక్కరివీ వేసి, "ఇక్కడ ఏం చూసి ఆగారు?" అని అడిగేవాడు. శాక్రమెంటో కుర్రాడి దిబ్బల ఫోటోలో పైన సగం ఖాళీ ఆకాశం. ఆయన దాన్ని కోసేసి చూపించగానే గదిలో అందరూ ఒక్కసారి ముందుకు వంగారు. ఫోటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ పాఠం దగ్గర మాత్రం నాకూ ఆయనకీ కుదరలేదు. రంగులు ఆయన ఎక్కించినంత ఎక్కించడం నాకు ఇష్టం లేదు. ఆ చోటు నేను కళ్ళారా చూశాను కదా, అంత ఊదా లేదు. పైకే చెప్పాను. "మీ ఫోటో, మీ ఇష్టం" అని నవ్వేశాడు. ఆయన ప్రింట్లు అమ్ముడుపోయేది ఆ రంగులకేనేమో.

ఆఖరి రోజు వచ్చే ఏడాది షెడ్యూల్ ఇచ్చాడు. ఐస్‌లాండ్, పెటగోనియా ఉన్నాయి. వాటి ఖర్చుకి ఇండియా వెళ్ళి అందర్నీ చూసి రావచ్చు. అక్టోబర్‌లో ఈస్టర్న్ సియెర్రాలో ఆస్పెన్ ఆకులు పసుపెక్కే రోజులకి ఒకటి పెట్టాడు, బిషప్ చుట్టుపక్కల. మా ఇంటి నుంచి కారులో వెళ్ళి రావచ్చు, చంద్రుడితో పని లేదు, అడ్వాన్స్ ఆగస్టు దాకా వెనక్కిస్తారు. మళ్ళీ అవే ప్రశ్నలు అడిగి, నేషనల్ ఫారెస్ట్ పర్మిట్ సంగతి కూడా రాయించుకుని, డబ్బు కట్టాను. కుర్రాడు కూడా కట్టాడు. ఈసారి కారు తనదంట, పెట్రోలు నాదట.