ప్రసాదించు అంటే ఇవ్వడమేనా?

మొన్న శనివారం గుడిలో దద్దోజనం అయిపోయిందని ఒకాయన పూజారిగారి మీద కేకలేశాడు. అంతకు పది నిమిషాల ముందే స్వామి ఎదుట నిలబడి "ఆయురారోగ్యాలు ప్రసాదించు తండ్రీ" అని మొక్కిన మనిషి! బాధేసింది.

ప్రసాదించు అంటే ఇవ్వు అని సరిపెట్టుకున్నాం. ఇవ్వడానికి 'దా' ధాతువు ఉండనే ఉంది. దానం, దాత, వరదుడు దాని సంతానమే. ప్రసాదం ఆ ఇంటిది కాదు. 'సద్' ధాతువుకు 'ప్ర' చేరితే పుట్టింది. సద్ అంటే కూర్చోవడం, కిందికి దిగడం. మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడితే అవి ప్రసన్నం. తమసా నది ఒడ్డున వాల్మీకి భరద్వాజుడికి చూపించింది ఆ నీళ్లనే: "రమణీయం ప్రసన్నాంబు సన్మనుష్యమనో యథా". మంచివాడి మనసులా ఉన్నాయట.

మా నాయనమ్మ వానాకాలంలో కుండ లోపల చిల్లగింజ అరగదీసి, ఎర్రటి గోదావరి నీళ్లు పోసి మూతపెట్టేది. "కదపకండర్రా" అనేది. తెల్లారేసరికి అడుగున ఒండ్రు, పైన తేట. ఆ గింజే సంస్కృతంలో కతకం. దాని పేరు పలికినంత మాత్రాన నీళ్లు తేరుకోవని మనుస్మృతి 6వ అధ్యాయం చెబుతుంది: "న నామగ్రహణాదేవ తస్య వారి ప్రసీదతి". ప్రసీదతి! మళ్లీ అదే ధాతువు.

"ప్రసాదే సర్వదుఃఖానాం హానిః", ప్రసాదం కలిగితే దుఃఖాలన్నీ నశిస్తాయన్న గీతావాక్యంలో ప్రసాదం కూడా ఈ తేటే. విషాదమూ సద్ నుంచి వచ్చిందే, ఉపసర్గ మారిందంతే. విషాదంతో విల్లు పడేసి కూలబడ్డ అర్జునుడు చివరికి "త్వత్ప్రసాదాత్", నీ ప్రసాదం వల్ల, అంటూ నిలబడ్డాడు. కృష్ణుడు చేతికి కొత్తగా ఇచ్చిందేముంది? అదే విల్లు, అదే రథం. ఎదురుగా ఉన్న తాతగారూ గురువుగారూ వాళ్లే.

అడగొద్దని అనను. పిల్ల పెళ్లి టెన్షన్‌లో ఉన్న తల్లి ఇంకెవరిని అడుగుతుంది? అడగండి. అడిగాక మాత్రం మండపంలో ఓ ఐదు నిమిషాలు కూర్చోండి. ఫోన్ తీయకండి, కుండ కదపకండి.

నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఆయన ప్రాణం ప్రసాదించమని ఏడ్చాను. అది దక్కలేదు. ఆఖరి రాత్రి మాత్రం, చెయ్యి వణక్కుండా ఆయన నోట్లో తులసితీర్థం పోయగలిగాను.