త్సుకుబాలో విస్తళ్ళ లెక్క

జపాన్‌లో, టోక్యోలోని అకిహబారాలో త్సుకుబా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, వేగంగా వెళ్ళే రైలు 45 నిమిషాల్లో చివరి స్టేషన్‌లో దింపేస్తుంది. అక్కడినుంచి కేఈకే పరిశోధనశాలకి బస్సు. నా కళ్ళముందే ఒకటి వెళ్ళిపోయింది. తర్వాతది చాలాసేపటికి గానీ లేదు. ఏం చేస్తాం, బెంచీ మీద కూర్చుని సంచీలోని పులిహోర సగం లాగించేశాను. మిగతా సగం మా బాబాయి కొడుక్కి. వాడు హైదరాబాద్ ఐఐటీలో పీహెచ్‌డీ చేస్తూ కణాల్ని ఢీకొట్టించి చూసే బెల్ 2 ప్రయోగం పని మీద వచ్చి ఇక్కడ ఉంటున్నాడు.

"సగమే తెచ్చావేంటక్కా" అన్నాడు గేటు దగ్గర, డబ్బా ఊపి చూసి.

సెప్టెంబరు నెల. వేసవిలో కరెంటు ఖర్చు ఎక్కువని కణాల్ని ఢీకొట్టించే యంత్రాన్ని ఆపేస్తారట. నడుస్తున్నప్పుడైతే రేడియేషన్ వల్ల ఎవర్నీ దగ్గరికి రానివ్వరు. పైన చూస్తే పచ్చగడ్డి, చెట్లు, దూరంగా త్సుకుబా కొండ. కింద సుమారు 11 మీటర్ల లోతున 3 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగం. అందులో ఒకవైపునుంచి ఎలక్ట్రాన్లు, ఎదురుగా పాజిట్రాన్లు (ఎలక్ట్రాన్‌కి ధనావేశపు జోడీ కణాలు) తిరుగుతాయి. అవి ఢీకొట్టుకునే చోట, పుట్టే కణాల్ని పట్టే డిటెక్టర్ బెల్ 2 కూర్చుని ఉంది. బరువు 1,400 టన్నులు, రెండంతస్తుల ఇంటికంటే ఎత్తు. ఎనిమిది మూలల ఇనుప కోటలా ఉంది. ఫొటోల్లో చూసినప్పుడు ఇంత పెద్దదని అనిపించలేదు.

ఢీకొన్నప్పుడు పుట్టే బీ మీసాన్లనే కణాల జత సెకనులో లక్ష కోట్ల వంతు, మహా అయితే దానికి కాస్త ఎక్కువ బతికి ముక్కలైపోతుంది. వీళ్ళకి కావలసింది ఆ ముక్కల్లో చాలా అరుదైన రకం: కేయాన్ అనే కణం ఒకటి, దేనికీ చిక్కని న్యూట్రినోలు రెండు. సిద్ధాంతం ప్రకారం పది లక్షల్లో ఐదారుసార్లు జరగాలి. న్యూట్రినోలేమో ఆ ఇనుప కోటని తాకకుండానే దాటిపోతాయి.

"కనిపించనిదాన్ని ఎలా లెక్కపెడతార్రా?"

"పెళ్ళికి ఎన్ని విస్తళ్ళు తెచ్చామో తెలుసు కదక్కా. బంతి లేచాక ఎంగిలివీ, మిగిలినవీ లెక్కపెడితే తక్కువొచ్చాయనుకో, ఎవరో పట్టుకెళ్ళినట్టే."

ఇక్కడ లోపలికెళ్ళే ఎలక్ట్రాన్ శక్తి 7 జీఈవీ, పాజిట్రాన్‌ది 4 జీఈవీ (కణాల శక్తికి కొలత). తెచ్చిన విస్తళ్ళ లెక్క పక్కాగా ఉందన్నమాట. ప్రోటాన్లు ఢీకొట్టే జెనీవాలోని సెర్న్ పరిశోధనశాలలో ఈ సౌకర్యం లేదు.

"గాలికి ఎగిరిపోతేనో?" అన్నాను.

"అదే అసలు టెన్షన్!" కే-లాంగ్ అనే కణాలు ఒక్కోసారి డిటెక్టర్‌కి చిక్కకుండా పోయి, న్యూట్రినోల్లా నటిస్తాయట. ఏళ్ళ తరబడి పని అంతా ఆ దొంగల్ని ఏరడమే.

38 కోట్లకు పైగా జతల్ని జల్లెడ పట్టి 2023లో ఫలితం చెప్పారు: పది లక్షల్లో సుమారు 23. అంచనాకి నాలుగు రెట్లు. కొత్త భౌతికశాస్త్రమేనా అని నాకైతే ఒళ్ళు పులకరించింది. వాడు మాత్రం పెదవి విరిచాడు. సిద్ధాంతంతో తేడా 2.7 సిగ్మాలే (తేడా కాకతాళీయం కాదని ఎంత నమ్మవచ్చో చెప్పే కొలత), కనుగొన్నామనడానికి 5 కావాలి. జెనీవాలో ఎల్‌హెచ్‌సీబీ అనే ప్రయోగం వాళ్ళు 2021లో వేరే అరుదైన రకంలో 3.1 సిగ్మాల తేడా చూపిస్తే లోకమంతా సంబరపడింది. 2022 డిసెంబరుకల్లా అది కరిగిపోయింది. వాడి జాగ్రత్తే నాకు నచ్చింది.

నాకు ఎక్కువ గుర్తుండిపోయింది మరొకటి. డిటెక్టర్ గర్భంలో సిలికాన్ పొరలుంటాయి. వాటిలో నాలుగోది ముంబైలోని టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థ వాళ్ళ బాధ్యత. దాన్ని కషివాలో కూర్చారు. పొద్దున నేను ఎక్కిన రైలు ఆగకుండా దాటేసిన ఊరది!

తిరిగి వచ్చేటప్పుడు కావాలనే అన్ని స్టేషన్లలో ఆగే బండి ఎక్కాను. కషివానోహా క్యాంపస్‌లో తలుపులు తెరుచుకున్నాయి. నలుగురు బడిపిల్లలు ఎక్కారు. ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బయటికి చూస్తుండగానే బండి కదిలింది.