కోలారు నల్లరాయి వెంట

బెంగళూరు లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలబడ్డ బండ ఉంది చూడండి, అది సుమారు 300 కోట్ల ఏళ్ల నాటి నైస్ (gneiss) అనే చారల శిల. కోలారు బంగారు గనులు చూడాలనుకునేవాళ్లు ముందు ఆ లేతరంగు బండను బాగా చూసి వెళ్లాలంటాను. అలాంటి రాతి మధ్యలోనే ఉత్తరం నుంచి దక్షిణానికి 80 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని నల్లరాతి పట్టీ సాగుతుంది. బంగారమంతా దొరికింది అందులోనే.

బంగారుపేట దాటాక కోరమాండల్, ఊరుగాం, ఛాంపియన్ అని వరసగా గనుల పేర్లే స్టేషన్లకు కూడా. మారికుప్పం వరకూ ప్యాసింజర్‌లో వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో కోలారు జిల్లాలోనే ఉన్న పెద్దపల్లి అనే ఊరు చేరాను. అగ్నిపర్వతం చిమ్మిన రాతి ముక్కలు చిన్నా పెద్దా కలిసి బండలో అతుక్కుపోయి ఉన్నాయి. వేలితో తడిమితే ఒక్కో ముక్క అంచు తెలుస్తోంది. ఒళ్లు పులకరించింది.

ఆ కాలపు లావాయే లోతుకు కుంగి, వేడికీ ఒత్తిడికీ నలిగి ఆంఫిబోలైట్ అనే నల్లరాయిగా మారింది. తర్వాత లోపలి నుంచి వేడినీరు సిలికానూ బంగారాన్నీ మోసుకుంటూ పగుళ్ల వెంట పైకొచ్చింది. సిలికా పలుగురాయిగా గట్టిపడితే బంగారం అందులో చిక్కుకుపోయింది. ఇలా ఖనిజం నిండిన రాతి ధారను లోడ్ (lode) అంటారు. పేరుమోసిన ఛాంపియన్ లోడ్ అదే. దానికి పడమటి వైపు లోడ్లలో గంధకపు ఖనిజాలు ఎక్కువ. పైరోటైట్, ఆర్సెనోపైరైట్‌తో పాటు కొద్దిగా రాగి ఖనిజమూ ఉంటుంది.

ఊరుగాంలో టీ కొట్టు దగ్గర రిటైరైన గని కార్మికుడొకాయన పరిచయమయ్యారు. "తెల్లగా తళతళలాడే పలుగు మాకొద్దు నాయనా, నీలం కలిసిన బూడిద రంగుది కనిపిస్తేనే ఆశ" అన్నారు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల లోతు దాటింది. అక్కడ రాయి వేడి 60 డిగ్రీల పైనే. ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పేలేది. ఆ పేలుళ్ల గురించి అడిగితే ఆయన గ్లాసు కింద పెట్టేసి చాలాసేపు మాట్లాడలేదు. ఇక్కడి నుంచి సుమారు 800 టన్నుల బంగారం వెళ్లింది. అందులో ఆయన లాంటివాళ్ల ప్రాణాలు కలిసి ఉన్నాయని నేను గట్టిగా నమ్ముతాను.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన రాతిపొడి దిబ్బలు మాత్రం గుట్టల్లా అలాగే ఉన్నాయి. గాలి లేస్తే ఆ పొడి ఇళ్లలోకే వస్తుంది. ముందు దానికి దారి చూడాలి.

నల్లరాతి పట్టీ ఇక్కడితో ఆగదు. సరిహద్దు దాటి మా కుప్పం వైపు బిసానత్తం, చిగురుగుంట దాకా వస్తుంది. ఈసారి అటు నుంచి మొదలుపెడతాను.