మెడ మీది నలుపు మురికి కాదు

మా అమ్మాయి రక్తపరీక్షల ఫలితాలు నిన్న చేతికి వచ్చాయి. పరగడుపు చక్కెర 108, గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 5.9. మధుమేహం రాలేదు, దాని ముందు దశలో ఉంది. రక్తం ఇవ్వడానికి ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ పరీక్ష రాయించుకునేదాకా పడిన అవమానమే ఇంకా మనసులో మండుతోంది.

పదకొండేళ్ల పిల్లకు మెడ వెనుకా చంకల్లోనూ చర్మం నల్లబడి, మందమెక్కి, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా తగలసాగింది. మొదట చూపించిన వైద్యుడు కుర్చీలోంచి కదలకుండానే, గదిలో ఇతరులు వింటుండగా, "పిల్లకు స్నానం సరిగ్గా చేయించరా అమ్మా? పీచుతో గట్టిగా రుద్దండి" అన్నారు. అమ్మాయి జడ విప్పి మెడ మీద కప్పుకుంది. ఆ రాత్రి చర్మం ఎర్రబడి మండేదాకా తనే రుద్దుకుంది, నలుపు చెక్కుచెదరలేదు. పిల్ల బరువెంత, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని ఆయన అడగనేలేదు. అరనిమిషం పట్టే ఆ రెండు ప్రశ్నలు వదిలేసి, బిడ్డ ఎదుటే తల్లిని తప్పుపట్టి, తెల్లబరిచే క్రీము రాసిచ్చిన ఆ తొందరను నేను క్షమించలేను.

నేను అక్కడితో ఊరుకోలేదు. మరో చోట చర్మవైద్యురాలు స్పిరిట్‌లో తడిపిన దూదితో మెడ తుడిచి, తెల్లగానే ఉన్న ఆ దూదిని ముందు మా అమ్మాయికే చూపించారు. దీన్ని అకాంతోసిస్ నైగ్రికాన్స్ అంటారని, శరీరం ఇన్సులిన్‌కు సరిగా లొంగనప్పుడు క్లోమం దాన్ని మరింతగా విడుదల చేస్తుందని, ఆ అధిక ఇన్సులిన్ వల్లనే చర్మకణాలు వేగంగా పెరుగుతాయని ఓపికగా వివరించారు. బరువు ఎక్కువగా ఉన్న పిల్లల్లో ఇది తరచుగా కనిపిస్తుందట. ఈ నలుపు ఉన్న ప్రతి బిడ్డకూ మధుమేహం ఉన్నట్టు కాదు గానీ, పరీక్ష మాత్రం తప్పనిసరి అన్నారు.

మీ పిల్లల మెడ ఇలా నల్లబడితే పరగడుపు చక్కెర, హెచ్‌బీఏ1సీ రాయమని మీరే అడగండి. క్రీముతో సరిపెడితే ఒప్పుకోకండి. అతిదాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గిపోవడం కనిపిస్తే మాత్రం అది టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారుకాని రకం, కావచ్చు. చర్మం సంగతి పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మాకు ప్రస్తుతానికి మందులు రాయలేదు. రోజూ గంటసేపు ఆట, తీపి పానీయాలు పూర్తిగా బంద్, మూడు నెలలకు మళ్లీ హెచ్‌బీఏ1సీ. బరువు తగ్గితే నలుపు కూడా మెల్లగా పలచబడుతుందన్నారు.