1584 నుంచి 1776 సీసీకి: నా బీటిల్ ఇంజిన్ పని

మా దగ్గరున్నది 1971 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్. మేముండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. ఊళ్లో తిరగడానికి బండికి ఏ లోటూ లేదు. ట్రేసీ వైపు వెళ్లేటప్పుడు ఆల్టమాంట్ పాస్ అనే కొండదారి ఎక్కాలంటే మాత్రం మూడో గేరులోకి దిగి, కుడి లేన్‌లో లారీల వెనకాల నడవాల్సిందే. పేరుకు అది 60 హార్స్‌పవర్ ఇంజిన్. సైలెన్సర్ లాంటివి తగిలించకుండా కొలిచే పాత గ్రాస్ లెక్క అది. తర్వాత నెట్ లెక్క వచ్చాక అదే 1600 ఇంజిన్‌కి 46 అని రాశారు. సుబారు ఇంజిన్ పెట్టేయమని చాలామంది చెప్పారు. కానీ వెనకనుంచి ఆ టకటక వినపడకపోతే ఇక బీటిల్ ఎందుకు?

మనవైపు ఇంజిన్ పెంచడమంటే సిలిండర్లుండే బ్లాక్ తీసుకెళ్లి, వాటిని వెడల్పు చేసే బోరింగ్‌కి ఇవ్వడమే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ ఇంజిన్లకు ఆ పని చేస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ని. బీటిల్‌కి అలాంటి బ్లాక్ ఉండదు. రెండు చెక్కలుగా విడిపోయే మెగ్నీషియం కేస్, దానికి అటు రెండు ఇటు రెండు విడి బ్యారెల్స్, అంటే సిలిండర్లు. కాబట్టి ఉన్నదాన్ని కోరించే పని లేదు, బ్యారెల్, పిస్టన్ కలిపి పెద్ద సెట్టు కొంటే సరి. అసలు బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 85.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) 69. లెక్క వేస్తే 1584 సీసీ. 87 సెట్టు వేస్తే 1641, 90.5 వేస్తే 1776, 94 వేస్తే 1915.

87 సెట్టు మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. పాత కేస్‌లోనే పట్టేలా చేస్తారు కాబట్టి మిషన్ పని ఉండదు, చవక. కానీ దాని గోడలు మరీ పల్చన. వేడెక్కితే గుండ్రం తప్పుతాయి, రింగులు సరిగా ఆనవు. 94 వేసుకుని హాయిగా తిరిగేవాళ్లున్నారు గానీ, ఎండాకాలం ట్రేసీలో ఏసీ లేని బండిలో, గాలితోనే చల్లబడే ఇంజిన్‌తో నాకంత ధైర్యం లేదు. 90.5 బ్యారెల్ గోడ మందంగా ఉంటుంది. దాన్నే ఖాయం చేసుకున్నాను. స్ట్రోకు పెంచాలంటే క్రాంక్‌షాఫ్టే మార్చాలి, ఆ ఖర్చు జోలికి పోలేదు.

ఇంజిన్ దింపడం ఈ బండిలో చాలా తేలిక. పెట్రోలు పైపు, యాక్సిలరేటర్ కేబుల్, హీటర్ కేబుల్స్, వైర్లు విప్పి, గేర్‌బాక్స్‌కి పట్టి ఉన్న నాలుగు బోల్టులు తీస్తే జాకీ మీద వెనక్కి వచ్చేస్తుంది. కేస్ విప్పి కొలిపిస్తే క్రాంక్‌షాఫ్ట్‌ని మోసే మధ్య మెయిన్ బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోయింది. మెగ్నీషియం మెత్తనిది, ఇన్నేళ్ల దెబ్బలకు అది మామూలే. అందుకని నాలుగు పనులు ఒకేసారి ఇచ్చాను: మెయిన్ బేరింగ్‌లు కూర్చునే రంధ్రాలన్నిటినీ ఒకే వరసలో 0.5 మిల్లీమీటర్లు పెద్దవి చేసే లైన్ బోరింగ్, కేస్‌లోనూ హెడ్స్‌లోనూ 90.5కి తగ్గట్టు రంధ్రాలు పెంచడం, హెడ్ స్టడ్ల థ్రెడ్లు ఊడి రాకుండా స్టీల్ ఇన్సర్టులు, ఆయిల్ ఫిల్టర్ కోసం కేస్‌లో దారి. ఈ ఇంజిన్‌కి పుట్టుకతో ఉన్నది ఒక జల్లెడే, పేపర్ ఫిల్టర్ లేదు.

మిషన్ షాపు పని కొలతల్లో బాగానే ఉంది, శుభ్రంలోనే మహా పాపం. "కడిగాం" అని ఇచ్చారు. ఆయిల్ దారుల చివరుండే ప్లగ్గులు డ్రిల్ చేసి తీసి, సన్నటి బ్రష్ దూరిస్తే రజను రాలింది. అది కొత్త బేరింగ్‌ల్లోకి పోయి ఉంటే ఇంజిన్ ఎన్నాళ్లు బతికేదో చెప్పక్కర్లేదు. ఎవరు కడిగామన్నా సరే, ప్లగ్గులు తీయించి మళ్లీ కడగండి.

నాకు బాగా నచ్చిన పని, ఎక్కువ టెన్షన్ పెట్టిన పని కూడా, కంప్రెషన్ లెక్క, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందన్న లెక్క. సిలిండర్ పెద్దదై, పైన గది అలాగే ఉంటే కంప్రెషన్ దానంతటదే పెరుగుతుంది. ఎక్కువైతే వేడి, వేడెక్కితే నాకింగ్, అంటే పెట్రోలు అదుపు తప్పి మండి ఇంజిన్ కొట్టుకోవడం. హెడ్‌ని తిరగేసి, దాని మీద చిల్లు ఉన్న అక్రిలిక్ పలక పెట్టి, బ్యూరెట్‌తో రంగునీళ్లు పోసి కొలిచాను. డైనింగ్ టేబుల్ మీద బ్యూరెట్ చూసి మా ఆవిడ "ఇంటర్ ప్రాక్టికల్సా?" అంది. నాలుగు గదులూ సమానం కాదు. తక్కువున్నవాటిని కొంచెం కొంచెం గ్రైండ్ చేసి అన్నిటినీ 54 సీసీకి తెచ్చాను. పిస్టన్ పైకి వచ్చాక బ్యారెల్ అంచుకీ దానికీ మధ్య ఖాళీని షిమ్‌లనే పల్చటి రింగులతో 1.3 మిల్లీమీటర్లకు సరిచేశాను. రెండూ కలిపితే కంప్రెషన్ 8.1 వచ్చింది. మామూలు 87 ఆక్టేన్ పెట్రోలుకి ఇది చాలనుకున్నాను. అంతకంటే పెంచితే పవర్ కాస్త పెరిగేదేమో, నిద్ర తగ్గేది.

పాత సింగిల్ కార్బొరేటర్ ఈ ఇంజిన్‌కి చాలదు. రెండు వెబర్ 34 కార్బొరేటర్లు, వాల్వులను కొంచెం ఎక్కువ ఎత్తే ఎంగిల్ డబ్ల్యూ100 క్యామ్ వేశాను. 1971 నుంచి ఆయిల్ కూలర్ ఫ్యాన్ పెట్టెకు బయటికి జరిగింది, మూడో సిలిండర్‌కి గాలి అడ్డు తగ్గింది. అందుకే ఆ అమరిక ముట్టుకోలేదు. ఇంజిన్ చుట్టూ ఉండి గాలిని మళ్లించే రేకుల్లో మాత్రం ఒక్కటి కూడా వదలకుండా బిగించాను. షోకు కోసం ఆ రేకులు పీకేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

మొదటి స్టార్ట్‌లో ఐడ్లింగ్ ఉండకూడదు. కొత్త క్యామ్ కుదురుకోవాలంటే ఇరవై నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైనే నడవాలి. చల్లారాక హెడ్ నట్లు మళ్లీ టార్క్ చూసి, వాల్వ్ క్లియరెన్స్ 0.15 మిల్లీమీటర్లు పెట్టాను. రెండు కార్బొరేటర్ల లింకేజీ సరిపెట్టడానికి మాత్రం చుక్కలు కనపడ్డాయి.

ఇప్పుడు ఆల్టమాంట్ నాలుగో గేరులోనే ఎక్కుతోంది. టాప్ స్పీడ్‌లో పెద్ద తేడా లేదు, తేడా అంతా కింది ఆర్‌పీఎంలో పికప్‌దే. పెట్రోలు కొంచెం ఎక్కువ తాగుతోంది. అసలు 200 మిల్లీమీటర్ల క్లచ్ జారకుండా పట్టుకుంటోంది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు బళ్లకు స్మాగ్ టెస్ట్ (పొగ పరీక్ష) లేదు, ఆ బాధ తప్పింది.

హైదరాబాద్ మిత్రుడొకడు తన పాత ఫియట్‌కి ఇలాగే చేయిస్తానంటున్నాడు. ముందు రూల్స్ చదవమన్నాను. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండికి యాభై ఏళ్లు దాటాలి, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. వాడికి వింటేజ్ బళ్లకిచ్చే ఆ వీఏ నంబర్ ప్లేటు కావాలో పికప్ కావాలో ఇంకా తేల్చుకోలేదు.