ఉప్పు లేని రొట్టె

నవంబర్ చివరి శనివారం

పొద్దున లేచేసరికే వాన. ఎదురింటి పెంకులన్నీ తడిసి నల్లబడ్డాయి. "ఈ వానలో ఎక్కడికే?" అని రూమ్మేట్ మళ్ళీ ముసుగు తన్నేసింది. ఇటలీలోని సియెనాకి చదువుకోడానికి వచ్చి మూడు నెలలైంది, పియెంజా అనే ఊరు చూడనే లేదు. ఒక్కదాన్నే బస్సెక్కేశాను.

దారి పొడవునా దున్నిన చేలే. ఇక్కడిది బూడిదరంగు బంకమన్ను, వానకి తడిసి సీసంలా మెరుస్తోంది. అక్కడక్కడ గోధుమ అప్పుడే మొలకెత్తి పలచగా పచ్చబడింది. గుట్టల మీద సైప్రస్ చెట్ల వరసలు మబ్బులోకి వెళ్ళి మాయమవుతున్నాయి. ఈ ఓర్చా లోయ ఫొటోలన్నీ ఎండలో తీసినవే చూశాను. నాకైతే వానలోనే ఎక్కువ నచ్చింది.

పియెంజా ఒకప్పుడు కోర్సిన్యానో అనే పల్లె. ఇక్కడ పుట్టినాయన 1458లో రెండో పియస్ పేరుతో పోప్ అయ్యి, మరుసటి ఏడాదే సొంతూరిని కొత్తగా కట్టించడం మొదలుపెట్టాడట. ఆయన కట్టించిన చర్చిలో కాసేపు కూర్చున్నాను. బయట అంత మబ్బుగా ఉన్నా, ఆ పెద్ద పెద్ద కిటికీల వల్ల లోపల తెల్లటి వెలుతురు.

ఆకలేసి ఓ చిన్న హోటల్లోకి దూరాను. వంటింటి తలుపు తీసే ఉంది. ఒక పెద్దావిడ పిండిముద్ద తుంచి, చెక్క మీద అరచేత్తో దొర్లిస్తూ లావుపాటి దారంలా సాగదీస్తోంది. దాన్ని పీచి అంటారు. ఒక కొస వేళ్ళతో పట్టుకుని, రెండో చేత్తో ముందుకీ వెనక్కీ. అమ్మమ్మ పీట మీద సేమ్యా చేసేటప్పుడు సరిగ్గా ఇలాగే! చూస్తూ నిలబడిపోయాను. తర్వాత అవే టమాటా, వెల్లుల్లి సాస్‌తో నా పళ్ళెంలోకి వచ్చాయి. ఈ వెల్లుల్లి పాయలు పిడికిలంత, ఘాటు మాత్రం తక్కువ.

అంతకంటే ముందు రొట్టె పెట్టారు. ఈ టస్కనీ ప్రాంతంలో రొట్టెలో ఉప్పు వేయరు. మూడు నెలలుగా పైన ఉప్పు చల్లుకుని తింటున్నాను. ఇవాళా ఉప్పు డబ్బా అందుకోబోతుంటే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఒక పెకొరీనో ముక్క తెచ్చింది. గొర్రెపాల చీజ్. వాల్‌నట్ ఆకుల్లో చుట్టి మాగబెట్టారట, అంచున ఆకు ఈనెల అచ్చు ఇంకా కనబడుతోంది. "రెండూ కలిపి తినమ్మా" అంది. తిన్నాను. ముందు చీజ్ ఉప్పదనం నాలుకని పట్టుకుంది, వెనకాలే రొట్టె దాన్ని చల్లార్చింది.

మనం మాత్రం అన్నంలో ఉప్పేసి వండుతామా? ఉప్పు పప్పులో ఉంటుంది, ఆవకాయలో ఉంటుంది. ఇన్నాళ్ళూ ఆవకాయ లేకుండా ఉత్తన్నం తిని బాగాలేదన్నాను!

ఆవిడ మామగారిది సార్డీనియా ద్వీపమట. 1960ల్లో ఇక్కడి రైతులు సగపాలు సేద్యం వదిలి పట్నాలకి పోతే, ఖాళీ పడ్డ ఈ పొలాల్లోకి అక్కడి కాపరులు గొర్రెల్ని తోలుకొచ్చారు. ఆయనా వాళ్ళతో పాటే వచ్చాడు. చెబుతూనే నా పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది, వద్దన్నా వినలేదు.

తిరుగు బస్సులో బూట్ల నిండా బూడిదరంగు మట్టి, బ్యాగు నిండా చీజ్ వాసన. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా?" అంది. "పీకలదాకా తిన్నానే" అని, పిండి దొర్లించడం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. సియెనా వచ్చేసింది, మాటలు ఇంకా అవలేదు.